6డీ మార్క్ 2లో ఎర్రర్ 01, పైగా ఫర్మ్‌వేర్ ఫైల్‌ని కెమెరా గుర్తించట్లేదు

గోదారి_క్లిక్స్:

అందరికీ నమస్కారం. రెండు సమస్యలు ఒకేసారి తగులుకున్నాయి, ఏది ముందు చూసుకోవాలో తేలట్లేదు.

బాడీ క్యానన్ 6డీ మార్క్ 2, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది. లెన్సులు రెండు: క్యానన్ 50 ఎంఎం ఎస్‌టీఎం, వేరే కంపెనీ 24-70 ఎఫ్ 2.8. కార్డు 128 జీబీ. బ్యాటరీలు ఒకటి ఒరిజినల్, ఒకటి లోకల్.

మొదటిది: 24-70 తగిలించినప్పుడు 20-30 ఫొటోలకు ఒకసారి ఎర్రర్ 01 వస్తోంది. లెన్సు కాంటాక్టులు శుభ్రం చేయమని స్క్రీన్ మీద మెసేజ్. ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలే. 50 ఎంఎంతో ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు.

రెండోది: ఫర్మ్‌వేర్ (కెమెరా లోపల నడిచే ప్రోగ్రామ్) పాతది కాబట్టే అలా వస్తోందని షాపులో అన్నారు. ఫోన్‌లోనే డౌన్‌లోడ్ చేసి, ఓటీజీ కార్డ్ రీడర్‌తో కార్డులోకి కాపీ చేశాను. మెనూలో ఫర్మ్‌వేర్ నొక్కితే, అప్‌డేట్‌కి ఫర్మ్‌వేర్ ఉన్న కార్డు కావాలి అంటోంది. ఫైల్ కార్డులోనే ఉంది, ఫోన్‌లో పెట్టి చూస్తే కనిపిస్తోంది కూడా.

ఇంకో 12 రోజుల్లో పెళ్లి ఆర్డర్ ఉంది. అప్‌డేట్ చేస్తే ఎర్రర్ 01 పోతుందా? ఫైల్ ఎందుకు దొరకట్లేదు?

బెంచ్_రిపేర్:

అన్నా, ముందు ఈ రెండింటినీ విడదీయండి. 50 ఎంఎంతో రాకుండా 24-70తోనే వస్తోందంటే బాడీ ఫర్మ్‌వేర్ మీద అనుమానం పడాల్సిన పని దాదాపు లేదు. ఎర్రర్ 01 అంటే బాడీ అడిగిన దానికి లెన్సు నుంచి సరైన జవాబు సమయానికి రాలేదని అర్థం. దానికి మూడు కారణాలుంటాయి: కాంటాక్టుల మీద మురికి, బాడీ వైపు పిన్నుల్లో ఏదో ఒకటి లోపలికి దిగబడిపోవడం, లేదా లెన్సు లోపల అపెర్చర్‌కి (వెలుతురు వెళ్లే రంధ్రాన్ని పెద్దది, చిన్నది చేసే రేకులకి) వెళ్లే ఫ్లెక్స్ కేబుల్ (వంగే పలచటి తీగ పట్టీ) చిట్లడం. ఈ మూడింటిలో ఏదో ఇంట్లో కూర్చుని అరగంటలో తేల్చుకోవచ్చు.

మొదట కాంటాక్టులు. పెళ్లిళ్లు తీసే కెమెరాలకు తలంబ్రాల పసుపే పెద్ద శత్రువు. బియ్యం గింజ కంటికి కనిపిస్తుంది, తీసేస్తాం. పసుపు పొడి మాత్రం చెమట తడికి అంటుకుని బంగారు పూత మీద సన్నటి పొరలా కడుతుంది. లెన్సు తీసి, కాంటాక్టుల వరసను టార్చి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. మెరిసే చుక్కల మధ్య మసకగా, లేత గోధుమ రంగులో కనిపించేది అదే.

కెమెరా ఆఫ్ చేసి బ్యాటరీ కూడా తీసేయండి. బాడీ మూతిని కిందికి వంచి పట్టుకుని బ్లోవర్‌తో ఊదండి, నోటితో వద్దు. నూలు రాలని మెత్తటి గుడ్డను వేలికి చుట్టి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క వేసి, లెన్సు వైపు కాంటాక్టులను వరస వెంబడి నాలుగైదు సార్లు తుడవండి. బాడీ వైపు కూడా అలాగే, కానీ అక్కడ గుడ్డ దాదాపు పొడిగా ఉండాలి. శానిటైజర్ వాడకండి, వాటిలో చాలావరకు గ్లిజరిన్ కలుపుతారు, అది జిడ్డుగా మిగిలిపోతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని కొందరు చెబుతుంటారు, అదీ వద్దు. పూత అరుగుతుంది, రబ్బరు పొట్టు మిర్రర్ బాక్స్‌లో పడుతుంది.

తర్వాత పిన్నులు. బాడీ వైపు పిన్నులకు కింద స్ప్రింగ్ ఉంటుంది. చెక్క టూత్‌పిక్ మొనతో ఒక్కొక్కదాన్నీ మెల్లగా నొక్కి వదలండి. అన్నీ ఒకే ఎత్తుకు లేవాలి. ఒకటి తక్కువగా లేచినా, ఆలస్యంగా లేచినా దోషం బాడీదే. అది సర్వీసుకే వెళ్లాలి.

ఈ రెండూ బాగుంటే అసలు పరీక్ష చేయండి. 24-70లో అపెర్చర్‌ని 2.8 దగ్గర, అంటే పూర్తిగా తెరిచి పెట్టి 50 ఫొటోలు కొట్టండి. తర్వాత 8 దగ్గర పెట్టి, జూమ్‌ని 24, 35, 50, 70 దగ్గర ఆపుతూ ఒక్కోచోట 20 కొట్టండి. 2.8లో అపెర్చర్ రేకులు కదలవు, కాబట్టి ఆ కేబుల్ మీద భారం పడదు. 2.8లో ఒక్కటీ రాకుండా 8లో వస్తే లోపల అపెర్చర్ యూనిటో, దాని ఫ్లెక్స్ కేబులో పోతున్నట్టు. అది కూడా జూమ్ ఒక చోట ఉన్నప్పుడే వస్తే దాదాపు ఖాయంగా కేబులే. జూమ్ తిప్పిన ప్రతిసారీ అది మడత పడుతూ ఉంటుంది, ఏళ్లు గడిచాక ఆ మడత దగ్గరే రాగి గీత తెగుతుంది. ఫొటో తీయకుండానే చూడాలంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని, లెన్సు ముందు నుంచి రేకులు మూసుకోవడం గమనించండి. ఒక్కసారిగా టక్కున మూసుకోవాలి. తడబడుతూ మూసుకుంటే సమాధానం దొరికినట్టే.

ఈ పరీక్షలు అయ్యేదాకా ఫర్మ్‌వేర్ జోలికి వెళ్లకండి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏ మందుకి ఏ జబ్బు తగ్గిందో తెలియదు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్:

ఎర్రర్ 01 గురించి పైన చెప్పింది సరిగ్గా ఉంది. ఫైల్ సంగతి నేను చెబుతాను.

ఫోన్‌లో ఫైల్ కనిపించడం వేరు, కెమెరాకి కనిపించడం వేరు. కెమెరా కార్డంతా వెతకదు. కార్డు తెరవగానే కనిపించే మొదటి చోట, ఏ ఫోల్డర్‌లోనూ లేకుండా, కచ్చితమైన పేరుతో ఉంటేనే తీసుకుంటుంది. మీ కార్డులో ఇవి చూడండి.

జిప్ విప్పారా? క్యానన్ సైట్ నుంచి దిగేది జిప్. దాన్ని విప్పితే లోపల ఎఫ్‌ఐఆర్ అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైల్, దానితో పాటు సూచనల పీడీఎఫ్ ఉంటాయి. కెమెరాకి కావలసింది ఆ ఎఫ్‌ఐఆర్ ఫైల్ ఒక్కటే. కొన్ని ఫోన్లలో ఫైల్ మేనేజర్ జిప్‌ని నొక్కగానే లోపలివి చూపించేస్తుంది, విప్పేశామనే అనుకుంటాం. నిజానికి అది తొంగి చూడటమే, ఎక్స్‌ట్రాక్ట్ అని విడిగా కొట్టాలి.

పేరు చివర (1) ఉందా? ఒకే ఫైల్‌ని రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ దాని పేరు వెనక (1) తగిలిస్తుంది. జిప్ పేరు ఎలా ఉన్నా నష్టం లేదు. అసలు ఫైల్‌కి తగిలితే మాత్రం కెమెరా దాన్ని తనది అనుకోదు. పేరు మార్చుకుంటూ కూర్చునే కన్నా రెండూ తీసేసి కొత్తగా డౌన్‌లోడ్ చేయడం మేలు.

ఎక్కడ పెట్టారు? ఓటీజీలో కాపీ చేసేటప్పుడు చాలా ఫోన్లు దానంతట అదే డౌన్‌లోడ్ అనే ఫోల్డర్‌లో పెట్టేస్తాయి. ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్ లోపల పెట్టినా కుదరదు, దాని పక్కన ఉండాలి.

సరైన మోడల్‌దేనా? 6డీ వేరు, 6డీ మార్క్ 2 వేరు. వెతికితే రెండూ పక్కపక్కనే వస్తాయి, తొందరలో పాతది దిగుతుంది.

ఇక చేసే పద్ధతి. కార్డులో ఉన్నవన్నీ కాపీ తీసుకుని, అదే కెమెరాలో ఫార్మాట్ చేయండి. ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ ఫార్మాట్ చేయొద్దు. మీ బాడీకి 128 జీబీ ఇబ్బంది లేదు. చాలా పాత కెమెరాలకు మాత్రం 32 జీబీ లేదా అంతకన్నా తక్కువ కార్డే పెట్టాలి. 32 దాటినవి ఎస్‌డీఎక్స్‌సీ అనే రకం, ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ అవుతాయి, పాత బాడీలు వాటిని చదవలేవు.

ఫైల్ వేశాక కార్డు పక్కన ఉండే లాక్ మీట పైకి ఉందో లేదో చూడండి. ఒరిజినల్ బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి పెట్టండి. లోకల్ బ్యాటరీ ఈ ఒక్క పనికి వద్దు. కెమెరా దాని ఛార్జ్ సరిగా చదవలేకపోతే అప్‌డేట్ మొదలే కాదు, తప్పుగా ఎక్కువ ఉందని చదివితే మధ్యలో ఆగిపోతుంది, అది ఇంకా ప్రమాదం. సెటప్ మెనూలోని బ్యాటరీ ఇన్ఫోలో శాతంతో పాటు రీఛార్జ్ పెర్ఫార్మెన్స్ గీతలు కూడా కనిపిస్తాయి. మూడూ పచ్చగా ఉంటే మంచిది.

ఫ్లాష్, ట్రిగ్గర్, గ్రిప్ ఉంటే తీసేయండి. మోడ్ డయల్‌ని పీ మీద పెట్టండి. ఫుల్ ఆటోలోనూ సీన్ మోడ్‌లలోనూ మెనూ కుదించి చూపిస్తుంది, ఫర్మ్‌వేర్ వరస అందులో ఉండదు. తర్వాత రెంచ్ గుర్తున్న సెటప్ ట్యాబుల్లో వెతికి ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి, కెమెరాని ఎంచుకుని ఓకే చేయండి. కొన్ని నిమిషాలు పడుతుంది. పూర్తయిందని స్క్రీన్ మీద వచ్చేదాకా ఏ బటనూ ముట్టుకోవద్దు, ముఖ్యంగా కార్డు మూత తెరవొద్దు. ఆ మూత తెరిస్తే కెమెరా పవర్ ఆగిపోతుంది.

జడ్_మౌంట్:

వేరే కంపెనీల వాళ్లు కూడా చదువుతుంటారు కాబట్టి తేడాలు రాస్తున్నాను. ఒకదాని పద్ధతి ఇంకోదానికి పనికిరాదు.

నికాన్: విండోస్‌కి ఎగ్జీ ఫైల్ దిగుతుంది, దాన్ని నడిపితే లోపలి నుంచి బిన్ ఫైల్ వస్తుంది, కార్డుకి ఎక్కించాల్సింది ఆ బిన్. ఎగ్జీని ఫోన్‌లో విప్పడం కుదరదు. కంప్యూటర్ లేనివాళ్లు, జడ్ సిరీస్‌లో సదుపాయం ఉన్న బాడీలకు స్నాప్‌బ్రిడ్జ్ యాప్ నుంచే పంపుకోవచ్చు.

సోనీ: ఏ7 4 లాంటి కొత్త బాడీలకు బాడీడేటా అన్న పేరుతో డీఏటీ ఫైల్‌ని కార్డులో వేస్తే చాలు. ఏ7 3 లాంటివాటికి కంప్యూటర్‌కి యూఎస్‌బీ తీగ తగిలించి చేయాలి. అక్కడ చిక్కు తరచూ సెట్టింగుల్లోనే ఉంటుంది: యూఎస్‌బీ కనెక్షన్ మాస్ స్టోరేజ్‌లో, యూఎస్‌బీ పవర్ సప్లై ఆఫ్‌లో ఉండాలి. ఛార్జింగ్ కోసం మాత్రమే వచ్చే తీగలతో కెమెరా కంప్యూటర్‌కి కనిపించదు, డేటా తీగ కావాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో ఈ పని చేయకండి. కెమెరా బ్యాటరీ మీదే నడిచినా, మధ్యలో కరెంటు పోతే అటు నుంచి పంపే కంప్యూటర్ ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే ఆ దిగులు లేదు.

ఫుజీఫిల్మ్: డిస్ప్ బ్యాక్ బటన్ నొక్కి పట్టుకుని కెమెరా ఆన్ చేస్తే అప్‌డేట్ స్క్రీన్ వస్తుంది. పైన చెప్పిన (1) గొడవ వీటిలో ఎక్కువ, ఎందుకంటే ఫైల్ జిప్‌లో కాకుండా నేరుగా దిగుతుంది.

పానాసోనిక్ లూమిక్స్: కార్డు పెట్టి ఆన్ చేసి ప్లేబ్యాక్ బటన్ నొక్కాలి.

మ్యాక్ వాడేవాళ్లకి ఒక మాట. మ్యాక్ నుంచి కార్డుకి కాపీ చేసినప్పుడు అసలు ఫైల్ పక్కన చుక్కతో మొదలయ్యే, కంటికి కనిపించని ఫైల్ ఇంకోటి పడుతుంది. కెమెరా గుర్తించట్లేదంటే కార్డుని మళ్లీ కెమెరాలో ఫార్మాట్ చేసి, ఇంకో కంప్యూటర్ నుంచి కాపీ చేసి చూడండి.

లెన్సులకీ ఫర్మ్‌వేర్ ఉంటుందని మర్చిపోవద్దు. గోదారి గారూ, మీ 24-70 వేరే కంపెనీది అన్నారు. డీఎస్‌ఎల్‌ఆర్ కాలం లెన్సుల్లో సిగ్మాకి యూఎస్‌బీ డాక్, ట్యామ్రాన్‌కి ట్యాప్-ఇన్ కన్సోల్ విడిగా కొనాలి, అదీ వాటికి అనుకూలమైన లెన్సులకే. బాడీ అప్‌డేట్ అయ్యాక పాత లెన్సు మొరాయించడం ఉన్నదే. బాడీ తయారుచేసేవాళ్లు తమ లెన్సులతోనే సరిచూసుకుంటారు మరి. అందుకే బాడీని మార్చేముందు, ఆ వెర్షన్ గురించి మీ లెన్సు కంపెనీ ఏం చెప్పిందో చూడండి.

పాత_600డీ:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది సెకండ్ హ్యాండ్ క్యానన్ 600డీ. ఒక కార్డుతో బాగానే నడుస్తోంది. స్నేహితుడి కార్డు ఒకటి పెడితే అసలు ఆన్ అవ్వదు, స్క్రీన్ రాదు. కార్డు తీసేసినా వెంటనే రాదు, బ్యాటరీ తీసి పెడితే వస్తుంది. ఫర్మ్‌వేర్ పోయినట్టా?

బెంచ్_రిపేర్:

పోలేదు తమ్ముడూ. ఆ లక్షణాలు మ్యాజిక్ లాంటర్న్‌వి, అంటే క్యానన్ కెమెరాలకు అదనపు సదుపాయాల కోసం బయటివాళ్లు తయారుచేసిన, కార్డు నుంచి నడిచే ప్రోగ్రామ్‌వి. 600డీ, 5డీ మార్క్ 3 లాంటివాటిని వీడియో కోసం వాడినవాళ్లు చాలామంది అది వేసుకునేవాళ్లు. వేసేటప్పుడు కెమెరా లోపల ఒక గుర్తు పెడుతుంది: ఆన్ అయిన ప్రతిసారీ కార్డు నుంచి బూట్ అవ్వొచ్చేమో చూడమని. మీ స్నేహితుడి కార్డు కూడా ఒకప్పుడు లాంటర్న్ కార్డే అయి ఉంటుంది. ఫైళ్లు డిలీట్ చేశారు, కానీ కార్డు మొదట్లో ఉండే బూట్ రాత అలాగే ఉండిపోయింది. కెమెరా దాన్ని నమ్మి ఆటోఎగ్జెక్ ఫైల్ కోసం చూస్తుంది, అది లేక అక్కడే బిగుసుకుపోతుంది.

ఆ కార్డుని కంప్యూటర్‌లో ఎస్‌డీ అసోసియేషన్ వాళ్ల ఎస్‌డీ మెమరీ కార్డ్ ఫార్మాటర్‌తో, క్విక్ కాకుండా ఓవర్‌రైట్ ఎంచుకుని ఫార్మాట్ చేయండి. కెమెరాలోని గుర్తు తీసేయాలంటే లాంటర్న్ సొంత అన్‌ఇన్‌స్టాల్ పద్ధతే వాడాలి. అది ఒక్కో మోడల్‌కి ఒక నిర్దిష్ట వెర్షన్ మీదే నడుస్తుంది, 600డీకి అది 1.0.2. సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు ఫర్మ్‌వేర్ నంబర్ చూసేది ఇందుకు కూడా.

గోదారి_క్లిక్స్:

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. ఫైల్ సంగతి తేలింది. జిప్ విప్పలేదు, పైగా డౌన్‌లోడ్ ఫోల్డర్‌లో పడి ఉంది. ఇప్పుడు ఎఫ్‌ఐఆర్ ఫైల్‌ని బయట పెట్టాను, పాత వెర్షన్, కొత్త వెర్షన్ రెండూ చూపించి అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతోంది. ఇంకా ఓకే నొక్కలేదు.

కాంటాక్టులు తుడిచాను, గుడ్డకి నిజంగానే పసుపు అంటింది. పిన్నులన్నీ ఒకే ఎత్తు. పరీక్ష ఫలితం: 2.8లో 50కి 50 బాగున్నాయి. 8లో 50 ఎంఎం, 70 ఎంఎం దగ్గర ఒక్కటీ రాలేదు. 24 దగ్గర 20లో 4 సార్లు, 35 దగ్గర ఒకసారి ఎర్రర్ 01.

ఇప్పుడు ఓకే నొక్కనా? మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది?

బెంచ్_రిపేర్:

మీ పరీక్షే సమాధానం చెప్పేసింది. 24 వైపు తిప్పినప్పుడే వస్తోందంటే ఫ్లెక్స్ కేబుల్. ఏ ఫర్మ్‌వేరూ తెగిన రాగిని అతికించదు. కాబట్టి ఇప్పుడు క్యాన్సిల్ నొక్కి బయటికి రండి. ముహూర్తాల మధ్యలో అప్‌డేట్ పెట్టొద్దు. మూఢం వచ్చినప్పుడు తీరిగ్గా చేసుకోండి. ఏదైనా తేడా వస్తే సరిచూసుకోవడానికి అప్పుడు రోజులుంటాయి. చాలా కంపెనీలు వెనక్కి పాత వెర్షన్‌కి పోనివ్వవు, అది గుర్తుంచుకోండి.

మధ్యలో ఆగితే ఏమవుతుందంటే, అప్‌డేట్‌లో కెమెరా తన ఫ్లాష్ మెమరీలోని పాత ప్రోగ్రామ్‌ని చెరిపి కొత్తది రాస్తుంది. చెరిపాక, రాయడం పూర్తయ్యేలోపు పవర్ పోతే బాడీ దగ్గర సగం ప్రోగ్రామే ఉంటుంది. మొదట లేచే చిన్న బూట్ భాగం చెదరకపోతే, ఆన్ చేయగానే మళ్లీ ఫర్మ్‌వేర్ కార్డు అడిగే కెమెరాలున్నాయి. అదే కార్డు, నిండు బ్యాటరీ పెట్టి ఇంకోసారి ప్రయత్నించవచ్చు. అదీ లేవకపోతే సర్వీస్ సెంటర్ తప్ప దారి లేదు. స్క్రీన్ మీద గీత కదలకుండా ఆగినా కంగారుపడి బ్యాటరీ లాగకండి, కనీసం అరగంట చూడండి. బయటికి కదలిక కనిపించకపోయినా లోపల రాత నడుస్తూ ఉండొచ్చు.

ఓరుగల్లు_ఫ్రేమ్స్:

ఒక్క విషయంలో నా మాట వేరు. వాయిదా వేయండి కానీ మానేయకండి. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి అనే మాట ఫర్మ్‌వేర్‌కి పూర్తిగా సరిపోదు. 2019 ఆగస్టులో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా కంపెనీ పరిశోధకులు క్యానన్ 80డీని వైఫై మీదుగా పట్టుకుని, కార్డులోని ఫొటోలను ర్యాన్సమ్‌వేర్‌తో (ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్‌తో) తాళం వేసి చూపించారు. క్యానన్ వెంటనే 80డీకి 1.0.3 విడుదల చేసింది. ఫంక్షన్ హాల్లో ఫోన్‌కి ఫొటోలు పంపడానికి కెమెరా వైఫై తెరిచి ఉంచేవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. అప్పటిదాకా వైఫై అవసరమైనప్పుడే ఆన్ చేయండి.

కొత్త సదుపాయాలూ అలాగే వస్తాయి. సోనీ ఏ7 3కి జంతువుల కళ్లను పట్టే ఆటోఫోకస్ 2019 ఏప్రిల్‌లో 3.00 వెర్షన్‌తో వచ్చింది, కొత్త బాడీ కొనకుండానే. కాబట్టి విడుదలతో పాటు ఇచ్చే మార్పుల జాబితా చదవండి. మీకు కావలసింది అందులో ఉంటే చేయండి, లేకపోతే తొందర లేదు.

చేసిన తర్వాత ఫొటో నాణ్యత, కలర్ స్పేస్, తేదీ, సమయం, కస్టమ్ బటన్లు ఒక్కసారి సరిచూసుకోండి. ముందుగానే ఫోన్‌తో మెనూ పేజీలన్నీ వరసగా ఫొటో తీసి పెట్టుకుంటే మళ్లీ సెట్ చేయడానికి పది నిమిషాలు చాలు. రెండు కెమెరాలతో తీసేవాళ్లకి సమయం ఒక్క నిమిషం తేడా వచ్చినా ఆల్బమ్ వరస పెట్టేటప్పుడు నరకం.

గోదారి_క్లిక్స్:

క్యాన్సిల్ కొట్టాను. మరి 24-70ని ఈ పెళ్లికి అసలు వాడొద్దా?

బెంచ్_రిపేర్:

జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ లాంటివాటికి దాని మీద ఆధారపడకండి, ఆ పూటకి ఇంకో జూమ్ అద్దెకి తెచ్చుకోండి. దీన్ని రెండో లెన్సుగా సంచిలో ఉంచుకోవచ్చు. తప్పనిసరై తగిలిస్తే ఏవీ మోడ్‌లో (అపెర్చర్‌ని మనమే పెట్టుకునే మోడ్) 2.8 దగ్గరే ఉంచి, వెలుతురు తేడాలను ఐఎస్‌ఓతో సర్దుకోండి. రేకులు కదలనంతవరకు ఎర్రర్ వచ్చే అవకాశం బాగా తక్కువ. గ్రూప్ ఫొటోలకు 5.6 కావాలంటే 50 ఎంఎం పెట్టండి. లెన్సుని సర్వీసుకి ఇచ్చేటప్పుడు "ఎర్రర్ 01" అని మాత్రమే చెప్పకండి. "24 నుంచి 35 మధ్య, అపెర్చర్ మూసినప్పుడే వస్తోంది, 2.8లో రావట్లేదు" అని కాగితం మీద రాసి సంచిలో పెట్టండి. కాంటాక్టులు తుడిచి బాగైందని తిరిగి ఇచ్చేయకుండా, కేబుల్ విప్పి చూస్తారు.